మా షాపు వెనకగదిలో జరిగేది క్షుద్రపూజ కాదండీ బాబూ

ఎడిటర్ గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పేపర్లో మనసులు చదివే ఆటలనీ మాయలో పడిపోతున్న కుర్రకారనీ ఒక పెద్ద ఐటెం వేశారు కదండీ, పక్కన పుర్రె బొమ్మ, కొవ్వొత్తి, నల్ల ముసుగేసుకున్న మనిషి. దాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ చదివి నవ్వుకున్నాను. రెండోసారి మా ఆవిడ పేపరు పట్టుకొచ్చి "ఏటండీ ఇది, మన షాపులో పిల్లలు ఆడేది ఇదేనా" అంటే తనకోసం చదివాను. మూడోసారి మాత్రం కోపంతో చదివాను, ఎందుకంటే అందులో రాసిన లాంటి ఆట ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా షాపు వెనకగదిలోనే జరుగుతుంది, నేను కూడా ఆడతాను, నాకు 48 ఏళ్లు, ఇంతవరకు మాయలో పడలేదు, కరెంటు బిల్లు టైముకే కడుతున్నాను.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నాకో చిన్న జెరాక్స్ షాపు ఉందండి. జెరాక్సు, లామినేషను, స్పైరల్ బైండింగు, ఫారాలు నింపడం. ఆటలంటే నాకు తెలిసింది పేకాట, అదీ పండగలకే. రెండేళ్ల కిందట ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి అయిదు కాపీలు తియ్యమన్నాడు, రెండు వైపులా. చూద్దును కదా, పైన ఏదో పేరు, కింద గళ్లు, స్ట్రెంగ్త్ 14, విజ్‌డమ్ 16, హిట్ పాయింట్లు 9. "ఏటి బాబూ ఇది, ల్యాబ్ రిపోర్టా" అన్నాను. "కాదు మాస్టారూ, మనిషి" అన్నాడు. "మనిషేటి?" "ఆటలో నా మనిషి మాస్టారూ. వీడు నేనన్నమాట." అప్పటికి నాకేం అర్థం కాలేదు కానీ ప్రింటు బాగా రాలేదని ఇంకో కాపీ ఊరికే తీసిచ్చాను. తర్వాత వాళ్లకి కూర్చోడానికి చోటు లేదని తెలిసి వెనక కాగితాల కట్టలు పెట్టుకునే గది ఇచ్చాను. నెల తిరక్కుండానే నాకూ ఒక కాగితం మనిషి తయారయ్యాడు. పేరు కలల కోటయ్య. మిగతావాళ్లవన్నీ నోరు తిరగని పేర్లు, నాదొక్కటే పిలిస్తే పలికేలా ఉంటుంది.

మీ విలేకరి గారు ఆట ఎలా ఆడతారో ఒక్క ముక్క రాయలేదు కాబట్టి నేను చెప్తాను. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేనైతే ఆ తలుపు తియ్యను", "నేనైతే ముసలాయన్ని పలకరిస్తాను" అని చెప్తూ పోతారు, ఏదైనా అవుతుందో అవదో తెలియని చోట 20 ముఖాల పాచిక వేస్తారు, పాచిక ఏం చెప్తే అది. అంతే. బుర్రకథలో కథకుడు ఉంటాడు చూడండి, పక్కన హాస్యం చెప్పేవాడొకడు, రాజకీయం చెప్పేవాడొకడు. ఇక్కడ ఆ పక్కనోళ్లకి కథ మార్చేసే హక్కు కూడా ఉందనుకోండి, అదీ ఈ ఆట. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో అచ్చేశారు, తర్వాత ఇలాంటివి బోలెడు వచ్చాయి.

ఇక మీరు అంత భయపెట్టిన "మనసు శక్తులు". అవి ఈ ఆటలోకి నిన్న మొన్న రాలేదండి, 1976లో వచ్చిన ఒక అదనపు పుస్తకంలోనే ఉన్నాయి, 1978 నాటి పెద్ద పుస్తకంలో చివర అనుబంధంగా పెట్టారు, 1991లో ఒకసారి 2001లో ఒకసారి మళ్లీ 2004లో వాటికోసం విడిగా పుస్తకాలే వేశారు. అవతలివాడి ఆలోచన వినడం, నోరు విప్పకుండా మాట్లాడుకోవడం, తన జ్ఞాపకాన్ని ఇంకొకరికి చూపించడం, కలలోకి వెళ్లి కబురు చెప్పడం, ఇలాంటివి. అన్నీ కాగితం మీదే. మా కోటయ్య మనసులు చదువుతాడు, నేను మాత్రం మా ఆవిడ మనసు కూడా చదవలేను, 22 ఏళ్ల నుంచి ప్రయత్నిస్తున్నాను.

ఈ రూల్సులో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది, మీ ఐటెం చదివాక అది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 2014 నాటి రూల్సు ప్రకారం ఎదుటివాడి ఆలోచనలు వినే మంత్రం వేస్తే ముందు పైపైన మెదులుతున్నదే వినపడుతుంది. లోతుకి పోదామంటే అవతలి మనిషికి పాచిక వేసి అడ్డుకునే అవకాశం ఇవ్వాలి, పైగా అడ్డుకోగలిగినా లేకపోయినా ఎవరో నా మనసులో దూరుతున్నారని వాడికి తెలిసిపోతుంది. దొంగతనంగా కుదరదు. మధ్యలో పల్చటి సీసం రేకు అడ్డం ఉంటే మంత్రం అసలు దాటదు. ఇంకో మంత్రం ఉంది, ఎనిమిది మంది దాకా మనసులు ఒక గంటసేపు కలిపేది. దాంట్లో స్పష్టంగా రాసుంది, ఇష్టపడినవాళ్లని మాత్రమే కలపొచ్చు అని. ఇష్టం లేనివాణ్ణి కలపడం ఎంత పెద్ద మాంత్రికుడి వల్లా కాదు. ఆ ఎనిమిదిమందిలో బొత్తిగా తెలివి లేని జీవాలకి అది పనిచెయ్యదని కూడా రాశారు, అది చదివినప్పుడల్లా పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటారు, ఎందుకో నాకు చెప్పరు.

అలాగని అన్నీ మర్యాదస్తుల మంత్రాలని నేననను. ఇరవై నాలుగు గంటల లోపు జరిగిన సంగతిలో పది నిమిషాల దాకా జ్ఞాపకం మార్చేసే మంత్రమొకటుంది, అవతలివాడి ఇష్టంతో పనిలేదు, పాచికలో ఓడితే అంతే సంగతులు. మా దగ్గర దాన్ని మనలో మనం వాడుకోకూడదని పిల్లలే చేతులెత్తి తీర్మానం చేసుకున్నారు, నేను చెప్పక ముందే. మీ ఐటెంలో "మెదడు కడిగే ఆటలు" అని రాశారే, ఆ కడిగే మంత్రాన్ని పక్కన పెట్టిందీ వీళ్లే.

ఆట నడపడంలో నాకో పేచీ ఉంది, అదీ చెప్పుకుంటాను. చాలామంది ఈ మనసు కలిపే మంత్రాన్ని గ్రూప్ కాల్‌లా వాడేస్తారు. "నువ్వెక్కడున్నావు, నేను గోడ వెనకున్నాను, లైన్లో ఉండు." అంతే. ఇంకొకడి మనసు నీ మనసుకి ఆనుకుని ఉందిరా నాయనా, వాడి భయం నీకు తగలదా, వాడి ఆకలి తెలీదా అంటే, "మాస్టారూ, శత్రువులొస్తన్నారు, తర్వాత" అంటారు. ఇక జ్ఞాపకం చూపించే ఘట్టం వస్తే కథ నడిపేవాడు అరపేజీ రాసుకొచ్చి గడగడా చదివేస్తాడు, రాజు, కత్తి, రక్తం, నమ్మకద్రోహం, అందరూ బుర్రూపుతారు, అయిదు నిమిషాల తర్వాత ఎవడికీ గుర్తుండదు. జ్ఞాపకం అలా వరసగా రాదు కదండీ ఎవరికైనా. మా నాన్నగారు పోయిన రోజు నాకు ముందు గుర్తొచ్చేది ఆయన మొహం కాదు, గుమ్మంలో ఎవరో వదిలేసిన ఒంటి చెప్పు.

చిట్టీల పద్ధతి కూడా ఒకటుంది, ఎవరి మనసులోకి వచ్చిందో వాళ్లకే చిన్న కాగితం మీద రాసిస్తారు, మిగతావాళ్లకి తెలీదు. మా షాపులో చెడిపోయిన జెరాక్సుల్ని నాలుగు ముక్కలు చేసి ఆ చిట్టీలు నేనే సప్లై చేస్తాను. ఒకసారి చిట్టీ వెనకాల ఎవరిదో అడంగల్ అచ్చయి ఉంది, సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్ట అని. ఆ కుర్రాడు అది కూడా క్లూ అనుకుని గంటన్నర సేపు రాక్షసుడి భూమి ఎంత, పట్టా ఎవరి పేరున ఉంది అని అడుగుతూనే ఉన్నాడు. కథ నడిపే బొబ్బిలి కుర్రాడు పాపం వాడి ఉత్సాహం చూసి, అవును, రాక్షసుడికి భూమి తగాదా ఉంది అని కథే మార్చేశాడు. మా ఆటలన్నిట్లోకీ బాగా రక్తికట్టింది అదే.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం కోపమొక్కటే కాదు, నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

పోయిన ఏడు వానాకాలంలో ఆడిన కథ సముద్రం పక్క ఊళ్లో జరుగుతోంది. అక్కడో ముసలి జాలరి, ఎవరితోనూ మాట్లాడడు, పడవ బోర్లించి దాని పక్కనే కూర్చుంటాడు. అతనికేదో తెలుసు, మాకు అది కావాలి. మా జట్టులో ఒక అమ్మాయి ఉంది, శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం తను, ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. తన పాత్ర ఆ జాలరి కూతురు. నా కోటయ్య ముందుకెళ్లి ముసలాయన నుదురు మీద చెయ్యి పెట్టాడు. పాచిక వేశాను, 17. కథ నడిపే కుర్రాడు మంచోడు, నన్ను ప్రోత్సహిద్దామని "ఈసారి మీరే చెప్పండి మాస్టారూ, ఏం కనిపించిందో" అన్నాడు. ఇంకేముంది, నాకు పూనకం వచ్చేసింది. చిన్నప్పుడు మా ఊళ్లో జముకుల కథ చెప్పేవాళ్ల వెనకాల రాత్రిళ్లు తిరిగినవాణ్ణి, కొండంత రాగం తీశాను. సముద్రం లేచింది, గాలి నక్కలా ఊళ వేసింది, కొబ్బరిచెట్లు మొదలుకంటా విరిగి ఇళ్ల మీద పడ్డాయి, పెంకులు ఎగిరిపోయాయి, ఈ ముసలాయన చెట్టు మొదలు కావలించుకుని కూతురా కూతురా అని అరిచాడు. అందరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నాకు ఇంకా ఊపొచ్చింది.

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. మూత పెట్టి, టేబుల్ అంచుకి సమంగా, జాగ్రత్తగా పెట్టింది. తర్వాత మంచినీళ్లు తాగొస్తానని లేచి వెళ్లింది. పది నిమిషాలైనా రాలేదు. బయటకెళ్తే షట్టరు పక్కన స్టూలు మీద కూర్చుని రోడ్డు కేసి చూస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజాము, తిత్లీ తుపాను తీరం దాటింది వాళ్ల మండలంలోనే. ఆ ఏడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా నేలమట్టమయ్యాయో ఈ జిల్లాల వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్ల అప్పుడు ఏడో తరగతి.

"తప్పైపోయిందమ్మా, నాకు గుర్తు లేదు" అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా కేసి తిరిగి, "ఊళ వెయ్యలేదు మాస్టారూ" అంది. "ఏటమ్మా?" "గాలి. నక్కలా ఊళ వేసిందన్నారు కదా. అలగ రాలేదు. పలాసలో ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆగని రైలు వస్తాది చూడండి, అలగొచ్చింది. ఆగలేదు. ఎంతసేపటికీ ఆ రైలు అయిపోలేదు." కాసేపు ఊరుకుని, "మా అయ్య సెట్టు పట్టుకోలేదు. ఎవులూ బయటికెళ్లలేదు. మంచం కింద ఉన్నాం అందరం. అది నేను సెప్పాల్సింది మాస్టారూ, మీరెందుకు సెప్పీసినారు?" అంది.

ఎడిటర్ గారూ, నేను నొప్పించాననుకున్నాను, అంతకంటే పెద్ద తప్పే చేశాను. ఆ పిల్ల దగ్గర ఉన్న వస్తువుని అడక్కుండా తీసుకుని, సొంతంగా రంగులేసి, నలుగురి ముందు ప్రదర్శించాను. పాత్ర మనసులోకి దూరడానికి పాచికలో 17 వస్తే సరిపోయింది, పాత్ర వెనకున్న మనిషి దగ్గరికెళ్లడానికి మాత్రం పాచిక చాలదు, నోరు తెరిచి అడగాలి. ఆ రూల్సులో ఇష్టపడినవాళ్లని మాత్రమే అన్న మాట నేను వందసార్లు జెరాక్స్ తీశాను, ఒక్కసారీ బుర్రకెక్కలేదు.

ఆ తర్వాతి వారం ఆట మొదలెట్టే ముందు అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరి పాత్ర జ్ఞాపకంలోకి ఎవరు రావాలన్నా ముందు ఆ పాత్ర ఆడేవాళ్లని అడగాలి, వద్దంటే ఎందుకని అడక్కూడదు. జ్ఞాపకం ఎవరిదో వాళ్లే చెప్పాలి. వినేవాళ్లు తమకేం తగిలిందో ఒక్క మాటలో చెప్పాలి, అంతే, కథ అల్లకూడదు. టేబుల్ మధ్యలో ఇంటూ గుర్తు రాసిన కార్డొకటి పెట్టాం, దాన్ని ఎవరు తాకినా ఆ ఘట్టం అక్కడితో వదిలేసి ముందుకి పోవాలి. అది మేం కనిపెట్టింది కాదు, ఈ ఆటలు ఆడేవాళ్లలో చాలామంది వాడుతున్నదే, కుర్రాళ్లకి తెలుసు కానీ మన జట్టుకి అవసరమేంటిలే అనుకున్నారు. ఆ కార్డు లామినేషన్ చేసింది నేనే.

అడిగితే ఆ అమ్మాయి చెప్తానంది. కథలో జాలరి కూతురు తండ్రి పక్కన కూర్చుంది, తన జ్ఞాపకాన్ని దారంలా లాగి మా చేతికి ఇచ్చింది. నిజంగానే అలాంటి మంత్రం ఉందండి, 2018లో వచ్చిన పుస్తకంలో, తల మీద వేలు పెట్టి జ్ఞాపకాన్ని వెలిగే పోగులా బయటకి తీసే మంత్రం, ఎనిమిది గంటలు ఉంటుంది. మేమంతా తను గాలి గురించే చెప్తుందనుకున్నాం. గాలి ఊసే ఎత్తలేదు. "తెల్లారింది. అంతా పచ్చి వాసన. పచ్చి కొబ్బరాకు వాసన, జీడి కొమ్మలు విరిగిన వాసన. నడవడానికి దారి లేదు, సెట్ల మీంచే నడవాలి. కరెంటు లేదు, బోరు లేదు, నీళ్లు లేవు. పడిపోయిన సెట్లకి బొండాలున్నాయి. మూడు రోజులు అవే తాగినాం. మూడో రోజు మా సెల్లి వద్దు వద్దని ఏడిసింది." ఇంతే చెప్పి ఆపింది. ఇప్పటికీ తను కొబ్బరి బొండాం తాగదట. రోడ్డు మీద బండి కనిపిస్తే అవతలి పక్కకి దాటేస్తుందట.

మిగతావాళ్లం వంతులవారీగా మాకేం తగిలిందో చెప్పాం. బొబ్బిలి కుర్రాడు "చేతులు జిగురుగా ఉన్నాయి" అన్నాడు. ఇంకొకడు "తియ్యగా ఉంది, కక్కొస్తోంది" అన్నాడు. నా వంతొచ్చింది. జముకు మోత లేదు, రాగం లేదు. "నిశ్శబ్దం" అన్నాను. ఆ పిల్ల తలూపింది. సరిగ్గా అప్పుడు నాలుగో కుర్రాడు, అందాకా ఫోను చూసుకుంటున్నవాడు, తలెత్తి "ఆ ముసలాయన ముందు ఊరోళ్లు రోజూ బొండాం పెట్టి వెళ్తన్నారు కదరా, ఒక్కటీ తాగలేదు కదరా" అన్నాడు. మూడు ఆదివారాల నుంచి మాకు తెగని ముడి అక్కడ వీడింది. ముసలాయన మూగవాడు కాదు, ఊరివాళ్లు ఏం పెట్టినా ముట్టడం మానేశాడంతే, అతనికి కావలసింది మంచినీళ్లు. కోటయ్య చెంబుతో నీళ్లు తెచ్చాడు. పాచిక వెయ్యలేదు ఎవరూ.

మీ ఐటెంలో ఇంకో మాట రాశారు, ఇలాంటివి ఆడితే పిల్లలకి ఏది నిజమో ఏది కల్పనో తెలియకుండా పోతుందని. నాకు తెలిసింది చెప్తాను. మా చిన్నప్పుడు నాన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని సోదెమ్మ దగ్గరికి వెళ్లేది, చేటలో బియ్యం, పసుపు, కుంకుమ. సోదెమ్మ కళ్లు మూసుకుని "నీళ్ల గండం కనపడతంది" అనేది, నాన్నమ్మ "అవునమ్మా, మా పెద్దోడు చెరువులో" అని అందించేది, సోదెమ్మ అందుకుని "చెరువే, చెరువే" అనేది. ఇంటికొచ్చాక నాన్నమ్మ ఊరంతటికీ చెప్పేది, ఆవిడే చెరువని చెప్పిందే అని. అబద్ధం ఆడలేదు మా నాన్నమ్మ, నిజంగానే అలా గుర్తుండిపోయింది.

అడిగే మాటని బట్టి గుర్తు మారిపోతుందని శాస్త్రం కూడా చెప్తోంది. సరిగ్గా ఈ ఆట అచ్చయిన 1974లోనే ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజీ ఆవిడా ఆవిడ తోటి పామర్ అనే ఆయనా కలిసి కాలేజీ పిల్లలకి కార్లు ఢీకొన్న ఫిల్మొకటి చూపించారు. కొందరిని కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు, కొందరిని నుజ్జునుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత మళ్లీ పిలిచి, పగిలిన అద్దం చూశారా అంటే, మామూలుగా అడిగిన 50 మందిలో చూశామన్నవాళ్లు ఏడుగురు, నుజ్జునుజ్జని అడిగిన 50 మందిలో 16 మంది. ఫిల్ములో అద్దమే పగల్లేదు. నా నక్క ఊళ కూడా అలాంటిదేనండి. ఆ అమ్మాయి దిద్దింది కాబట్టి సరిపోయింది, దిద్దకుండా ఉంటే మా అందరికీ తిత్లీ గాలి నక్కలా ఊళ వేసినట్టే గుర్తుండిపోను. సోదెకీ మా ఆటకీ తేడా ఒకటే, సోదె నిజమని మొదలవుతుంది, మా ఆట అబద్ధమని అందరూ ఒప్పుకున్నాకే మొదలవుతుంది. అందుకే మా దగ్గర ఎవరైనా "కాదు, అలా జరగలేదు" అనడానికి వీలుంది.

ఇంకోటి. మన ఊరి మీద గౌరవంతోనే అంటున్నాను, తప్పుగా తీసుకోకండి. ప్రతి ఏటా పైడితల్లి అమ్మవారు పూజారి గారి కలలో కనిపించి సిరిమానుకి చింతచెట్టు ఎక్కడుందో చెప్తారని మనం నమ్ముతాం. దసరా వెళ్లిన మంగళవారం పూజారి గారు ఆ మాను కొసన కూర్చుని ఊరేగుతుంటే నేను షాపు మూసి దండం పెట్టుకుంటాను. మన తాతలు కల ఒకరి నుంచి ఇంకొకరికి అందుతుందని నమ్మి ఒక ఊరి పండగే నిలబెట్టుకున్నారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు కలలోకి కబురు పంపే ఆట ఆడితే పుర్రె బొమ్మ వేస్తారా? అమ్మవారినీ పాచికల్నీ ఒక గాటన కడుతున్నానని అనుకోవద్దు, పండగ పండగే, ఆట ఆటే. మనవాళ్లకి ఈ ఊహ కొత్త కాదని మాత్రమే చెప్తున్నాను.

మీరు రాసింది కూడా కొత్తది కాదులెండి. 1980ల్లో అమెరికాలో ఇదే గోల జరిగింది, దయ్యాలని కొలిచే ఆటని. కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి 1983లో ఈ ఆటకి వ్యతిరేకంగా సంఘమే పెట్టింది. ఆ తల్లి దుఃఖాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ దుఃఖం ఒకటి, కారణం ఒకటి. పిల్లల తల్లిదండ్రుల బెంగ నాకూ తెలుసు, ఒకాయన నా షాపుకే వచ్చి గట్టిగా అరిచారు, మావాడికి రెండు సబ్జెక్టులు పోయాయి మీ ఆట వల్లేనని. పిలిచి అడిగితే ఆ రెండూ లెక్కలే, ఆటలోకి రాకముందు సెమిస్టర్‌వి. అయినా పరీక్షల నెలలో గదికి తాళం వేస్తున్నాను, ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలెడితే ఒక్కోసారి రాత్రి తొమ్మిదవుతోంది, నాకే ఇంట్లో చీవాట్లు.

ఇంతకీ నేనడిగేది సవరణ వెయ్యమని కాదు, వేస్తే సంతోషమే. మీ విలేకరి గారిని ఒక ఆదివారం మా షాపుకి పంపండి. షట్టరు సగం దించి ఉంటుంది, వంగి లోపలికి రావాలి. ఫోటో తీసుకోవచ్చు, కాకపోతే ముందు పిల్లల్ని అడిగి. ఆయనకో పాత్ర తయారుచేసి ఇస్తాం, ప్రింటు రెండు వైపులా ఫ్రీ. పుర్రె కావాలంటే మాత్రం ఆయనే తెచ్చుకోవాలి, మా దగ్గర లేదు. ఈ ఉత్తరంలో తుపాను సంగతి రాయొచ్చా అని ఆ అమ్మాయిని అడిగాను. చదివి, రైలు దగ్గర "ఆగలేదు" అన్న ముక్క నేను మర్చిపోతే తనే పెన్నుతో చేర్చి, ఇప్పుడు పంపండి మాస్టారూ అంది.

ఇట్లు
ఒక జెరాక్స్ షాపు యజమాని,
మూడు లాంతర్లు, విజయనగరం.